స్వీడన్ మట్టిలో బుద్ధ విగ్రహం: వస్తువు చేరిన చోటికి మతమూ చేరినట్టేనా?

ప్రశ్న: తార్నాక మాస్టారు

అందరికీ నమస్కారం. నేను తార్నాకలో డిగ్రీ విద్యార్థులకు ఇంటి దగ్గర చరిత్ర చెబుతుంటాను. మొన్న మధ్యయుగ ఐరోపా పాఠం మధ్యలో స్వీడన్‌లోని హెల్గో ద్వీపం ప్రస్తావన వచ్చింది. స్టాక్‌హోమ్‌కు పడమటగా మెలారెన్ సరస్సులో ఉన్న ఆ చిన్న ద్వీపంలో 1954లో మొదలైన తవ్వకాలలో మూడు వింత వస్తువులు బయటపడ్డాయి: ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తున్న కంచు బుద్ధ విగ్రహం, ఐర్లండ్‌లో తయారైన క్రైస్తవ మతాధికారి చేతికర్ర పైభాగం, ఈజిప్టులోని కోప్టుల (అక్కడి క్రైస్తవుల) పనితనం కనిపించే కంచు గరిటె. పద్మం మీద కూర్చున్న ఆ బుద్ధుడిని 6వ శతాబ్ది ప్రాంతంలో ఇప్పటి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ వైపు పోతపోసి ఉంటారని పండితుల అభిప్రాయం.

ఇది వినగానే, ఈమధ్యే మన తెలంగాణలోని బౌద్ధ క్షేత్రం ఫణిగిరి చూసి వచ్చిన ఒక అమ్మాయి "అయితే బౌద్ధం స్వీడన్ దాకా వెళ్లిందా సార్?" అని అడిగింది. వెళ్లలేదని చెప్పాను గానీ, ఎందుకు వెళ్లలేదో నాకే తృప్తి కలిగేటట్టు చెప్పలేకపోయాను. ఫణిగిరిలో బుద్ధుడి శిల్పం దొరికితే అక్కడ బౌద్ధం విలసిల్లిందంటాము, హెల్గోలో దొరికితే ఎవరో తెచ్చుకున్న బొమ్మ అంటాము. ఈ తేడాకు ఆధారం ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: బర్కత్‌పుర నాణేలాయన

మాస్టారూ, ఆ అమ్మాయి అడిగినదే అసలు ప్రశ్న. తేడా విగ్రహంలో లేదు, దాని చుట్టూ ఉన్న మట్టిలో ఉంది. ఫణిగిరిలో శిల్పాలతో పాటు మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువులు నివసించిన విహారాలు, దానాలు చేసినవారి పేర్లున్న బ్రాహ్మీ శాసనాలు ఉన్నాయి. హెల్గోలో స్తూపమూ లేదు, విహారమూ లేదు, శాసనమూ లేదు. అక్కడ విస్తారంగా దొరికినవి లోహకారుల పనిశాలల అవశేషాలు, ముఖ్యంగా దుస్తులకు పెట్టుకునే పిన్నులు పోతపోసిన మట్టి అచ్చుల ముక్కలు. మతానికి సంబంధించి ఆ నేలకే చెందినవేవంటే, స్త్రీపురుషుల ఆకృతులు అద్దిన పలుచని బంగారు రేకులు. అటువంటి రేకులు స్కాండినేవియా అంతటా, పెద్దల నివాసాలున్న చోట్ల దొరుకుతాయి. ఒకటి ఆ ప్రాంతమంతా పరచుకున్న ఆచారం, రెండవది ఒంటరిగా వచ్చి చేరిన వస్తువు.

మన పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉన్నది కదా. ఏడవ నిజాం చేతుల మీదుగా అక్కడికి చేరిన ఆ మమ్మీని వెయ్యేళ్ల తరువాత ఎవరైనా తవ్వి తీసి, హైదరాబాదీలు మరణించినవారిని లేపనాలు పూసి భద్రపరిచేవారని రాస్తే ఎట్లా ఉంటుంది?

నాకు నాణేల పిచ్చి కనుక ఇంకొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. బాల్టిక్ సముద్రంలో స్వీడన్‌కు చెందిన గోట్‌లాండ్ దీవిలో 1999లో స్పిల్లింగ్స్ అనే చోట సుమారు 67 కిలోల వెండి నిధి దొరికింది. అందులో 14,000కు పైగా నాణేలున్నాయి. దాదాపు అన్నీ అరబిక్ అక్షరాలున్న ఇస్లామిక్ దిర్హాములే. వాటిలో ఒకదాని మీద "మూసా దేవుని ప్రవక్త" అనే అర్థం వచ్చే మాట ఉంది. కాస్పియన్ సముద్రానికి ఉత్తరాన ఏలుతూ యూదు మతాన్ని స్వీకరించిన ఖజర్ల రాజ్యంలో ముద్రించినదది. రష్యా నదుల వెంట బొచ్చుతోళ్లూ బానిసలూ కిందికి వెళితే, ఆ వెండి పైకి వచ్చింది. అందుకున్నవారికి అక్షరాలతో పని లేదు. కత్తి మొనతో గీకి వెండి మంచిదో కాదో చూసుకుని, అవసరమైతే ముక్కలుగా నరికి, త్రాసులో తూచేవారు. ఆ నిధిని చూసి గోట్‌లాండ్‌లో ముస్లిములో యూదులో స్థిరపడ్డారని ఎవరూ అనరు. హెల్గో బుద్ధుడి విషయంలోనూ అదే న్యాయం వర్తిస్తుంది.

జవాబు: మౌలాలి పాఠకురాలు

నాణేలాయన గారు చెప్పినదానిలో చాలావరకు నాకు సమ్మతమే. కానీ వెండి నాణేన్నీ విగ్రహాన్నీ ఒకే త్రాసులో వేయడం సరికాదని నా అభిప్రాయం. హెల్గో బుద్ధుడు బయటపడినప్పుడు మెడకూ ఒక చేతికీ సన్నని తోలు పట్టీలు చుట్టి ఉన్నాయి. అంటే ఎవరో దాన్ని వేలాడదీసుకున్నారో, ఒంటి మీద ధరించారో, ఎక్కడైనా కట్టి ఉంచారో. కరిగించి కంచుగా వాడుకోదలచిన వస్తువుకు అంత శ్రద్ధ అక్కరలేదు. అది శాక్యముని అని వారికి తెలిసి ఉండనక్కరలేదు. దానిలో ఏదో మహిమ ఉందని నమ్మితే చాలు. బౌద్ధం వెళ్లలేదు, నిజమే, కానీ ఆ విగ్రహం పట్ల భక్తి ఏమీ లేదని మాత్రం ఎట్లా చెప్పగలం?

హెల్గో ప్రాధాన్యం తగ్గాక అదే సరస్సులో బిర్కా పట్టణం ఎదిగింది. 9వ శతాబ్దిలో అన్స్‌గార్ అనే క్రైస్తవ సన్యాసి మతప్రచారానికి వెళ్లినది ఆ ఊరికే. అక్కడి ఒక స్త్రీ సమాధిలో, అల్లా పేరుగా చదవదగిన అక్షరాలు చెక్కిన రంగు గాజు పొదిగిన వెండి ఉంగరం దొరికింది. 2015లో దాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించగా, పోతపోసిన తరువాత పెట్టిన ఆకురాయి గీతలు ఇంకా అరగలేదని తేలింది. అంటే అది ఎన్నో చేతులు మారకుండానే ఆమెకు చేరింది. మరి ఆమె ముస్లిమా? ఆ ఒక్క ఉంగరంతో చెప్పలేము. కాకపోతే దాన్ని ఉత్త గాజుపూస అని తోసివేయడానికీ వీలులేదు.

డెన్మార్క్‌లోని ట్రెన్‌గోర్డెన్‌లో దొరికిన 10వ శతాబ్ది బలపపురాయి అచ్చు నాకు మరీ ఇష్టమైనది. ఆ ఒక్క అచ్చులోనే క్రీస్తు శిలువలూ పోతపోయవచ్చు, స్కాండినేవియా పాత దేవుడు థార్ సుత్తె లాకెట్టూ పోతపోయవచ్చు. సుల్తాన్ బజార్‌లో అన్ని దేవుళ్ల లాకెట్లూ ఒకే అద్దాల పెట్టెలో పెట్టి అమ్మే దుకాణాలు చూసిన మనకు ఆ కంసాలి ఆలోచన అర్థం కావడానికి పెద్ద సిద్ధాంతాలు అవసరం లేదు. ఐస్‌లాండ్ తొలి వలసల వృత్తాంతంలో బక్కపలుచని హెల్గి అనే ఆసామి కనిపిస్తాడు. ఆయన క్రీస్తును నమ్మినవాడే, కానీ సముద్రం మీద ప్రయాణమైనా ఏదైనా కష్టం వచ్చినా థార్‌నే పిలిచేవాడట. మా అమ్మమ్మగారి ఊళ్లో పీర్ల పండుగకు పీరును ఎత్తుకునేది మాదిగ, గొల్ల ఇళ్లవాళ్లు. ఆ ఇంటి కింద ఇత్తడి పంజా దొరికితే రేపటి పురావస్తువేత్త ఆ ఇంటివారి మతం ఏమని రాస్తాడు?

జవాబు: సికింద్రాబాద్ విశ్రాంత ఉద్యోగి

అమ్మా, మీ పీర్ల ఉదాహరణ బాగున్నది. దానికి సరిగ్గా సరిపోయే మనిషి ఇంగ్లండ్‌లోనే ఉన్నాడు. తూర్పు ఆంగ్లియా రాజు రెడ్వాల్డ్ బాప్తిస్మం తీసుకుని కూడా ఒకే గుడిలో క్రీస్తుకు ఒక బలిపీఠం, పాత దేవతలకు ఒక చిన్న పీఠం పెట్టుకున్నాడని 8వ శతాబ్ది చరిత్రకారుడు బీడ్ కోపంగా రాశాడు. బీడ్ స్వయంగా క్రైస్తవ సన్యాసి కనుక ఆ కోపాన్ని కొంత తగ్గించుకుని చదవాలి.

1939లో సట్టన్ హూ దిబ్బ కింద బయటపడిన, సుమారు 27 మీటర్ల పొడవున్న ఓడ సమాధి ఈ రెడ్వాల్డ్‌దేనని చాలామంది నమ్ముతారు. అక్కడ శిలువ ఆకృతి ఉన్న పది వెండి గిన్నెలు, గ్రీకు అక్షరాలున్న రెండు వెండి చెంచాలు దొరికాయి. ఒక చెంచా మీద 'పౌలోస్' అని స్పష్టంగా ఉంది. రెండవదాన్ని 'సౌలోస్' అని చదివి, క్రైస్తవులను హింసించిన సౌలు తానే క్రైస్తవుడై పౌలుగా మారిన బైబిలు కథను గుర్తు చేస్తూ ఇవి బాప్తిస్మపు కానుకలని కొందరు వాదించారు. చెక్కినవాడు మొదటి అక్షరం తప్పుగా చెక్కాడు, రెండూ పౌలోస్‌లే అని మరికొందరు అన్నారు. ఒక్క అక్షరం మీద ఒక రాజు మతం ఆధారపడవలసి వచ్చిందన్నమాట! అక్కడే ఉన్న పెద్ద వెండి పళ్లెం మీద 491 నుంచి 518 వరకు ఏలిన బైజాంటియం (తూర్పు రోమన్) చక్రవర్తి అనస్తాసియస్ ముద్రలున్నాయి. 7వ శతాబ్ది తొలినాళ్లలో పాతిపెట్టేనాటికే అది నూరేళ్ల పాతది.

ఇంకొక పొరపాటును కూడా మాస్టారు విద్యార్థులకు చెప్పాలి. సమాధిలో వస్తువులుంటే అన్యమతం, లేకపోతే క్రైస్తవం అని పాత పద్ధతిలో లెక్కగట్టేవారు. 687లో మరణించిన కుత్‌బర్ట్ సాక్షాత్తూ బిషప్పు, సెయింటు. 1827లో ఆయన శవపేటిక తెరిస్తే ఎర్రరాళ్లు పొదిగిన బంగారు శిలువతో పాటు దంతపు దువ్వెన కూడా కనిపించింది. మరి ఆయనను అన్యమతస్థుడని అందామా?

రాజులు చాటుకున్న మతం వేరే సంగతి. డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ (మన ఫోన్లలోని బ్లూటూత్‌కు ఆయన పేరే పెట్టారు) యెల్లింగ్‌లో నిలిపిన రాతి శాసనంలో డేన్ ప్రజలను క్రైస్తవులను చేశానని చెప్పుకున్నాడు. పక్కనున్న దిబ్బలోని చెక్క గది కలపను 958 ప్రాంతంలో నరికారని వృక్ష వలయాల లెక్క చెబుతున్నది. 1820లో తెరిచినప్పుడు ఆ గదిలో శవం లేదు. 1978లో చర్చి నేల కింద ఒక పురుషుడి ఎముకలు దొరికాయి; అవి హరాల్డ్ తండ్రి గోర్మ్‌వని, మతం మారిన కొడుకు తండ్రిని దిబ్బ నుంచి చర్చిలోకి మార్పించాడని ఒక వాదన. అది నిజమైతే, బతికి ఉండగా క్రైస్తవుడు కానివాడు పోయిన తరువాత అయ్యాడు.

తార్నాక మాస్టారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. స్తూపమూ విహారమూ శాసనమూ లేవన్న మాటతో ఆ అమ్మాయి సందేహం సగం తీరుతుంది. తోలు పట్టీల సంగతి చెబితే మళ్లీ మొదలవుతుంది, మొదలవనీయండి. ఆదివారం పిల్లలను పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకువెళ్లి, ముందుగా ఏమీ చెప్పకుండా మమ్మీ ఎదుట నిలబెట్టి, ఈ ఊరివారి మతం ఏమిటో రాయమంటాను.