రిపాజిటరీ, బిల్డ్ రెండూ ఒకేసారి మార్చవచ్చా? పాత చరిత్రను వదిలేయవచ్చా?

ఏటిగట్టు:
మాది 9 మంది బృందం. మా రిపాజిటరీ, అంటే కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ దాచుకునే చోటు, 11 ఏళ్లుగా సబ్‌వెర్షన్‌లో ఉంది. బిల్డ్, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేయడం, చేత్తో రాసుకున్న మేక్‌ఫైళ్లతో (మేక్ అనే సాధనానికి ఇచ్చే సూచనలు) సాగుతుంది. సబ్‌వెర్షన్ లాంటి పనే చేసే గిట్‌కు మారడం ఖాయమైంది. మా మేనేజర్ గారు మరో రెండు మాటలు కలిపారు. ఎలాగూ మారుతున్నాం కాబట్టి బిల్డ్‌ను కూడా అదే వారంలో సీమేక్ అనే మరో సాధనానికి మార్చేద్దామని, పాత కమిట్లన్నీ (నమోదైన ఒక్కో మార్పు ఒక కమిట్) వదిలేసి నేటి కోడ్‌తో కొత్తగా మొదలుపెడదామని. నాకు మనసొప్పడం లేదు. మీ అనుభవం చెప్పండి.

మేడగది:
మీ మేనేజర్ గారు చెప్పిందే సరైనదండీ. మొదటి మార్పు అయ్యాక రెండో దానికి ఎవరూ సమయం ఇవ్వరు. నేను పనిచేసిన చోట బిల్డ్ సంగతి తర్వాత చూద్దామన్నారు. నాలుగేళ్లయినా అవే మేక్‌ఫైళ్లు. ఇక చరిత్ర అంటారా, మన ప్రాజెక్టు లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ) కంటే పెద్దదా? 2005 ఏప్రిల్‌లో బిట్‌కీపర్ అనే సాధనాన్ని వదిలి గిట్‌కు వచ్చినప్పుడు కెర్నెల్‌ను మొదలుపెట్టిన టోర్వాల్డ్స్ పాత చరిత్రను తీసుకురాలేదు. అప్పటి వెర్షన్ 2.6.12-ఆర్‌సీ2 కోడ్‌నంతా ఒకే కమిట్‌గా పెట్టి ముందుకు సాగారు. కెర్నెల్ ఆగిపోలేదు.

నారుమడి:
మేడగది గారూ, ఆ కమిట్ సందేశాన్ని ఒకసారి చివరిదాకా చదవండి. చరిత్ర తమ దగ్గర ఉందని, గిట్‌లోకి తెస్తే సుమారు 3.2 జీబీ అవుతుందని, కావాలంటే తర్వాత విడిగా పెట్టుకోవచ్చని అందులోనే ఉంది. అప్పటికి గిట్ పుట్టి రెండు వారాలు. ఆ ఇబ్బంది ఇప్పుడెక్కడుంది? జావా ప్రాజెక్టు ఓపెన్‌జేడీకే 2020లో మెర్క్యూరియల్ అనే సాధనం నుంచి గిట్‌కు వస్తూ చరిత్రను వెంట తెచ్చుకుంది. 1.2 జీబీ ఉన్నది 300 ఎంబీ దగ్గరికి దిగింది. జీసీసీ అనే కంపైలర్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేది) వాళ్లు 1980ల నాటి మార్పులతో సహా తెచ్చుకోవడానికి ఏళ్ల తరబడి శ్రమించి 2020 జనవరిలో గిట్‌కు మారారు. అవసరం లేకుండా ఎవరైనా అంత కష్టపడతారా?

నేను ఒక బిల్లింగ్ ప్రాజెక్టులో పనిచేశాను. పన్ను లెక్కలో ఒకచోట ముందు ప్రతి అంకెనూ రెండు దశాంశాలకు కుదించి, ఆ తర్వాత కూడేవారు. చూస్తే తప్పులాగే ఉంటుంది. ఎందుకలా రాశారోనని బ్లేమ్ (ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపే ఆదేశం) నడిపితే ఫైలు మొత్తానికీ ఒకే పేరు, ఒకే తేదీ. రిపాజిటరీని మార్చిన ఉద్యోగి పేరు అది. పాత సర్వర్‌ను అప్పటికే తీసేశారు. నేను ఆ లైనును సరిచేశాననుకున్నాను. నెలాఖరుకు ఒక ఖాతాదారు పుస్తకాలతో మా బిల్లుల పైసలు కలవలేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని, ఆ కోడ్ రాసిన పెద్దాయనకు ఫోను చేశాను. ఆ ఖాతాదారు లెక్క అలాగే ఉంటుందని చెప్పి, "కమిట్‌లో అంతా రాశాను కదా బాబూ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండూ ఒకేసారి మార్చే సంగతి. సబ్‌వెర్షన్ ఖాళీ ఫోల్డర్లను కూడా ఉంచుకుంటుంది, గిట్ ఉంచుకోదు. లాగ్ ఫైళ్ల కోసం పెట్టిన ఖాళీ ఫోల్డర్ కనిపించక టెస్టు పడిపోతుంది. మరోవైపు సీమేక్‌లో రిలీజ్ బిల్డ్ (బయటికి ఇచ్చే వెర్షన్) చేస్తే జీసీసీకి ఎన్‌డీబగ్ అనే సెట్టింగు దానంతటదే చేరుతుంది, అసర్ట్‌లన్నీ (కోడ్ లోపల పెట్టుకునే తనిఖీలు) మాయమవుతాయి. ఎవరైనా అసర్ట్ లోపలే ఫైలు తెరిచే ఫంక్షన్‌ను పిలిచి ఉంటే ఇక ఆ ఫైలు తెరుచుకోదు. ఈ రెండూ ఒకే వారంలో ఎదురైతే తప్పు ఎటు నుంచి వచ్చిందో ఎలా తేలుస్తారు? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రాజెక్టు 2010లో సీవీఎస్ అనే సాధనం నుంచి గిట్‌కు వచ్చింది. మెసాన్ అనే కొత్త బిల్డ్ సాధనం వచ్చింది 2023లో, 16వ వెర్షన్‌తో. అప్పుడు కూడా మేక్‌ను తీసేయలేదు, పక్కనే ఉంచారు.

మేడగది:
అసర్ట్ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. విడివిడిగానే చేయండి. కానీ 13 ఏళ్ల విరామం మన ఆఫీసుల్లో కుదరదు. సీమేక్‌కు మారే తేదీతో పాటు మేక్‌ఫైళ్లను తీసేసే తేదీని కూడా ఇప్పుడే మేనేజర్ గారితో మెయిల్‌లో రాయించుకోండి. చరిత్ర విషయంలో మాత్రం నా భయం పోలేదు. 11 ఏళ్ల కమిట్లలో ఎక్కడో ఒకచోట డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే ఉంటుంది. సబ్‌వెర్షన్‌లో పాత మార్పులు సర్వర్‌లోనే ఉంటాయి. గిట్‌లో మామూలుగా క్లోన్ చేస్తే (కాపీ దించుకుంటే) ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లోకీ చరిత్ర మొత్తం దిగుతుంది.

నారుమడి:
దానితో నాకు పేచీ లేదండీ. దొరికిన ప్రతి పాస్‌వర్డ్‌నూ ముందు మార్చేయాలి, చరిత్రలోంచి తుడవడం ఆ తర్వాత. తుడిస్తే కమిట్ల గుర్తింపు సంఖ్యలు మారిపోతాయి కాబట్టి అదంతా బృందం కొత్త రిపాజిటరీని వాడడం మొదలుపెట్టక ముందే ముగించాలి.

ఏటిగట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు పాత యూజర్ పేర్ల జాబితా తీశాను. గిట్‌లోకి తెచ్చేటప్పుడు ఒక్కో దానికీ అసలు పేరు, ఈమెయిల్ జతచేయాలి కదా. 31 ఉన్నాయి. 28 ఎవరివో తెలిసింది. మిగిలిన మూడింటిలో ఒకటి "టెంప్". మేక్‌ఫైళ్లలో సగం ఆ పేరుతోనే ఉన్నాయి. రేపు ఉదయం మా పాత టీమ్ లీడర్ గారికి ఫోను చేస్తున్నాను.