ముసలైన మెటల్ బ్యాండ్లు స్టేజీ దిగాల్నా, పాడతానే ఉండాల్నా?

రేణిగుంట రిఫ్:
బ్లాక్ సబ్బాత్ బ్యాండు పాటగాడు ఆజీ ఆస్బోర్న్ పోయినప్పట్నుంచి, మెటల్ అనే ఈ బరువైన రాక్ సంగీతం వినే మనోళ్ల నోట ఒక మాట తరచుగా వస్తా ఉంది. బ్యాండు మంచి ఊపులో ఉన్నప్పుడే ఆపేయాలంట. కుర్చీలో కూర్చోని పాడేదాకా, శ్రుతి దించుకునేదాకా లాగకూడదంట. ఆ మాట నాకు మింగుడు పడలేదు, అందుకే ఇక్కడ పెడతా ఉండా. ఒప్పుకోనోళ్లు గట్టిగానే చెప్పండి.

ముందు మన సంగతి చూద్దాం. 90ల్లో తిరుపతిలో ఈ సంగీతం విన్నోళ్లకి ఆల్బమ్ అంటే మద్రాసు నుంచి ఎవరో తెచ్చిన క్యాసెట్టు. దాన్నుంచి ఇంకొకటి ఎక్కించుకునేది, దాన్నుంచి మరొకటి. మన చేతికి వచ్చేసరికి సింబల్స్ మోత అరిగిపోయి బుస్సుమనే చప్పుడే మిగిలేది. ఆ క్యాసెట్లతోనే ఏళ్లకేళ్లు గడిపినాం. బ్రూస్ డికిన్సన్ గొంతుతో ఐరన్ మెయిడెన్ తొలి ఆల్బమ్ వచ్చింది 1982లో. అక్కడ్నుంచి 1988 దాకా వాళ్లకి ఎదురే లేదు. ఆ కాలంలో వాళ్ల టూర్లలో ఇండియా ఊసే లేదు. మొదటిసారి ఇక్కడ వాయించింది 2007 మార్చి 17న, బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. ఆ రోజుకి బ్యాండు పెట్టిన బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్‌కి 51 నిండి అయిదు రోజులు.

ఊపులో ఉన్నప్పుడే ఆపాలనేది వాళ్లు పాటించింటే మనలో ఎవరికి దక్కేది? లండన్లో 1982లో చూసినోడు ఆ మాట అంటే అనుకోవచ్చు, వాడు చూసేసినాడు. మనకైతే వాళ్లు యాభైకి చేరినాకే మొదలు.

చిత్తూరు, పలమనేరు మీదుగా బస్సులో పోయినాం. ముందు ఢిల్లీ బ్యాండు పరిక్రమ వాయించింది, హారిస్ కూతురు లారెన్ పాడింది. చీకటి పడినాక మెయిడెన్ వచ్చింది. గిటార్ వరసని వేల గొంతులు ఓ... అని ఎత్తుకున్నప్పుడు నాకు స్పీకర్లు వినబడలేదు, మనుషులే వినబడినారు. నా పక్కన నిలబడినాయన గౌహతి నుంచి రైల్లో వచ్చినాడు. కళ్లు తుడుచుకుంటా, పదం కూడా వదలకుండా పాడతా ఉన్నాడు. డికిన్సన్‌కి అప్పుడు 48. స్టేజీ ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తతానే ఉన్నాడు. ఆ రాత్రి మాకు లేకుండా పోయి ఉండాల్సిందని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

కొండమిట్ట థ్రాష్:
రిఫ్ అన్నా, మీరు చెప్పిన రాత్రి విలువైందే. కానీ 2007 మెయిడెన్‌ని చూపించి ఈ వాదన గెలవలేరు. యాభై ఏళ్లోళ్ల గురించి ఎవురూ మాట్లాడటం లేదు. డెబ్బై దాటినోళ్ల గురించి, అంతకన్నా ముఖ్యంగా "ఇదే ఆఖరు" అని టికెట్లు అమ్మి మళ్లీ వచ్చేవాళ్ల గురించి మాట్లాడదాం.

ఆజీనే చూడండి. 1992లో ఇంక టూర్లు లేవని పేరు పెట్టి మరీ టూర్ చేసినాడు, 1995లో తిరిగొచ్చినాడు. మోట్లీ క్రూ వాళ్లు ఇంక టూర్ చెయ్యమని 2014లో ఒప్పందం మీద సంతకాలే పెట్టినారు. 2015 డిసెంబర్ 31న ఆఖరి కచేరీ అన్నారు. 2019లో ఆ ఒప్పందాన్ని పేల్చేసినట్టు వీడియో తీసి మళ్లీ వచ్చినారు. స్లేయర్ 2019 నవంబర్ 30న లాస్ ఏంజెలెస్‌లో ముగించింది, 2024లో మళ్లీ స్టేజీ ఎక్కింది. కిస్ సంగతి ఇంకా ఘోరం. 2023 డిసెంబర్ 2న న్యూయార్క్‌లో ఆఖరి కచేరీ చేసి, అదే స్టేజీ మీద తమ డిజిటల్ బొమ్మల్ని చూపించినారు. ఇకపైన మనిషి కూడా అక్కర్లేదు, బొమ్మ పాడతాదంట.

ఆఖరిసారి కదా అని అప్పు చేసి టికెట్టు కొన్నోడు ఉంటాడు. వాడి కన్నీళ్లకి విలువ లేదా?

ఇంకో మాట. పెద్దోళ్లు దిగకపోతే చిన్నోళ్లకి చోటు యాడ? క్రిప్టోస్ 1998 నుంచి బెంగుళూరులో వాయిస్తా ఉంది. 2013లో జర్మనీలో వాకెన్ అనే పెద్ద మెటల్ పండగ దాకా పోయి వాయించి వచ్చింది. ఢిల్లీ బ్యాండు బ్లడీవుడ్ 2019లో అదే వాకెన్లో డోలు పెట్టి అదరగొట్టింది. చిత్తూరు నుంచి క్రిప్టోస్ కోసం ఎంతమంది బస్సెక్కినారు? పేరున్నోళ్లు వస్తే మాత్రం జేబు ఖాళీ చేసుకుంటాం.

పలమనేరు ఆరు తీగలు:
నేను పిల్లలకి గిటార్ నేర్పిస్తాను. శ్రుతి దించుకోవడం గురించి మొదట్లో ఒక మాట వచ్చింది కాబట్టి దాని గురించే రాస్తాను. అది నాకు ప్రాణంతో సమానమైన విషయం.

బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీకి 17 ఏళ్లప్పుడు, బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా యంత్రంలో పడి కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించుకున్నాడు. సన్నటి తీగలు కట్టుకున్నాడు. తీగ బిగువు తగ్గితే వేలికి నొప్పి తగ్గుతుందని కొన్నాళ్లకి శ్రుతి కూడా దించేశాడు. 1971 నాటి సబ్బాత్ మూడో ఆల్బమ్‌లో చాలా పాటలు మామూలు శ్రుతికి ఒకటిన్నర మెట్టు కింద ఉంటాయి. మనం ఈరోజు మెటల్ బరువు అనుకునేదంతా ఆ దించిన శ్రుతి నుంచే వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మెటల్ రకాలు, డూమ్ అయినా, డెత్ అయినా ఆ దారిలోనే నడిచాయి. దెబ్బ తిన్న శరీరం తనకి తగినట్టు వాద్యాన్ని మార్చుకోవడంతో మొదలైన సంగీతం ఇది. అలాంటి సంగీతంలో ఎవరైనా వయసు మీద పడి అర మెట్టు దించుకుంటే తప్పు పట్టే హక్కు మనకి లేదు.

మెటాలికా అయితే 90ల నడిమి నుంచీ స్టేజీ మీద అర మెట్టు కిందే వాయిస్తోంది. 2011 అక్టోబర్ 30న బెంగుళూరులో విన్నది కూడా ఆ శ్రుతే. అక్కడ గొంతు చించుకుని పాడిన వేలమందిలో ఒక్కరైనా శ్రుతి తగ్గిందని బాధపడ్డారా?

మన సంగీతంలోనూ ఇది కొత్త కాదు. బాలమురళీకృష్ణ గారు ఎనభై దాటాక కూడా కచేరీలు చేశారు. ముప్ఫై ఏళ్లనాటి గొంతు రావడం లేదేమని అడిగేవాళ్లు అక్కడికి రారు. ఆ వయసులో రాగాన్ని ఎంత తక్కువ మాటల్లో చెప్తున్నారో వినడానికి వస్తారు. మెటల్ కచేరీకి కూడా ఆ చెవితో పోవడం నేర్చుకోవాలి.

కొండమిట్ట థ్రాష్:
మాస్టారూ, అయోమీ సంగతికి దండం పెడతాను. కానీ ఒక తేడా ఉండాది. కర్ణాటక కచేరీలో పెద్దాయన గొంతు తగ్గితే పాట నిదానంగా పాడుకుంటాడు, విననీకి బాగానే ఉంటాది. స్లేయర్ లాంటోళ్లు వాయించే థ్రాష్ రకం మెటల్లో వేగమే ప్రాణం. డ్రమ్మర్ కాళ్లు ఆడకపోతే పాట కూలిపోతాది. శ్రుతి దించొచ్చు, వేగం దించితే ఏం మిగుల్తాది?

కుప్పం రైలు:
ఆ ప్రశ్నకి నేను కళ్లారా చూసిందే చెప్తా. మాది కుప్పం, బెంగుళూరు పోయే రైలు మా ఊరి మీదుగానే పోతుంది, కాబట్టి కచేరీల విషయంలో తిరుపతోళ్ల కంటే మేము అదృష్టవంతులం. 2012లో స్లేయర్ వచ్చింది. గిటారిస్టు జెఫ్ హానెమన్ ఆరోగ్యం బాగాలేక రాలేదు, ఆయన చోట గ్యారీ హోల్ట్ వాయించినాడు. పాటగాడు టామ్ అరాయాకి 2010లో మెడ ఆపరేషన్ అయింది, అప్పట్నుంచి తల విసరలేడు. జుట్టు ఎగరేస్తా పాడే అరాయా బొమ్మలు చూసి పెరిగినోడిని నేను. ఆ రోజు ఆయన మైకు ముందు నిలకడగా నిలబడి పాడినాడు.

నాకు తక్కువ అనిపించిందా అంటే, లేదు. తల కదలకపోయేసరికి చూపంతా ఆయన మొహం మీదే నిలిచింది. పాటకీ పాటకీ మధ్య ఆయన నవ్వే నవ్వు అంతకు ముందు ఏ వీడియోలోనూ నేను గమనించలేదు. ఇంక డ్రమ్స్ మీద డేవ్ లొంబార్డో. 47 ఏళ్లు. థ్రాష్ తమ్ముడూ, ఆ కాళ్ల వేగం చూసింటే నువ్వు ఆ ప్రశ్న అడిగేవాడివి కాదు. తర్వాత కొన్ని నెలలకే, 2013 ఫిబ్రవరిలో, ఆయన స్లేయర్ నుంచి బయటికొచ్చినాడు. అదే ఏడు మే నెలలో హానెమన్ చనిపోయినాడు. మరుసటి ఏడు చూద్దాంలే అనుకోనింటే ఆ స్లేయర్ నాకు దక్కేది కాదు.

ఒక్క విషయంలో మాత్రం తమ్ముడి వైపే ఉంటా. మొదట్నుంచీ ఉన్నోళ్లు ఒక్కరే మిగిలి, పేరు మాత్రం పెద్దదిగా రాసుకోని తిరిగే బ్యాండ్లు కొన్ని ఉన్నాయి. అవి నాకు నచ్చవు.

నల్ల చున్నీ:
ఆపాలా వద్దా అని మనం ఎందుకు తీర్పు చెప్పాలి? అది పాడేవాళ్ల ఇష్టం. తిరుపతిలో విగ్రహం పెట్టుకుని గౌరవించుకుంటున్నాం కదా, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారిని. 1997లో భర్త సదాశివం గారు పోయాక ఆమె కచేరీలు మానేశారు. 2004 దాకా బతికున్నారు, సభలో మళ్లీ పాడలేదు. ఎవరూ ఆమెను పాడమని బలవంతం చెయ్యలేదు. ఆ నిర్ణయాన్ని గౌరవించినవాళ్లు, పాడతానన్నవాళ్ల నిర్ణయాన్నీ గౌరవించాలి.

మోటర్‌హెడ్ బ్యాండు గాయకుడు లెమ్మీ ఆఖరి కచేరీ 2015 డిసెంబర్ 11న, బెర్లిన్‌లో. చనిపోయింది డిసెంబర్ 28న. ఆజీ ఆఖరి కచేరీ 2025 జులై 5న, బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో. చనిపోయింది జులై 22న. లెక్క పెట్టండి, ఇద్దరికీ పదిహేడు రోజులే. ఆ పదిహేడు రోజుల ముందు వాళ్లు ఎక్కడ ఉండాలనుకున్నారో అక్కడే ఉన్నారు.

విల్లా పార్క్ కచేరీని మా పాపా నేనూ ఇంట్లో డబ్బు కట్టి చూశాం. సబ్బాత్ వచ్చేసరికి మనకి తెల్లవారుజామైంది. పార్కిన్సన్ వల్ల ఆజీ నిలబడలేడు, నల్ల సింహాసనం మీద కూర్చునే పాడాడు. తన పాటలు అయిదు, సబ్బాత్‌వి నాలుగు. సబ్బాత్ మొదటి డ్రమ్మర్ బిల్ వార్డ్ కూడా వచ్చాడు, మొదట్నుంచీ ఉన్న ఆ నలుగురూ కలిసి వాయించి ఇరవై ఏళ్లయింది. గొంతు అక్కడక్కడా పట్టు తప్పింది. ఆయన లేవాలని చూసి లేవలేక చేతులతో కుర్చీని కొడుతుంటే మా పాప వెక్కి వెక్కి ఏడ్చింది. పదిహేనేళ్ల పిల్ల. సబ్బాత్ అంటే అమ్మ వినే గోల అనుకునేది, ఆ రోజు నుంచి తనే పెట్టుకుని వింటోంది. ఊపు తగ్గిన కచేరీ కొత్త శ్రోతను తయారు చెయ్యలేదని ఎవరైనా అంటే మా ఇంటికి రండి, చూపిస్తాను.

డ్రాప్ సి:
నేను 2004లో పుట్టినా. పెద్ద బ్యాండ్లు ఏవీ చూళ్లేదు. క్రిప్టోస్‌ని బెంగుళూరులో చూసినా, స్టేజీకి చెయ్యి చాపితే అందేంత దగ్గర్నుంచి. కచేరీ అయినాక వాళ్లే వచ్చి మాతో మాట్లాడినారు. నాకు అదే నచ్చింది. థ్రాష్ అన్న చెప్పినట్టు చిన్న కచేరీలకి మనోళ్లు ఇంకా రావాల.

కానీ జూడాస్ ప్రీస్ట్ 2024 ఆల్బమ్ విన్నప్పుడు వాళ్ల పాటగాడు హాల్‌ఫోర్డ్‌కి 72 ఏళ్లని తెలిసి నిద్ర పట్టలేదు నాకు. ఆ ఎత్తులో గొంతు ఎట్లా నిలబెడతాడు? ఇట్లాంటోళ్లని ఇంటికి పొమ్మంటే ఎట్లా? ఆ బ్యాండు గిటారిస్టు గ్లెన్ టిప్టన్‌కి పార్కిన్సన్ అని 2018లో చెప్పినారు. టూర్లకి ఆండీ స్నీప్ వచ్చినాడు, టిప్టన్ ఓపిక ఉన్న రోజు చివరి పాటలకి వచ్చి వాయించేవాడు. నాకైతే ఆ పద్ధతి బాగా నచ్చింది.

రేణిగుంట రిఫ్:
డ్రాప్ సి తమ్ముడు మంచి దారి చూపించినాడు. దానికి నేనొకటి కలుపుతా. మెయిడెన్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్‌కి 2023 జనవరిలో పక్షవాతం వచ్చింది, కుడి పక్క పనిచెయ్యలేదు. నెలల్లోనే మళ్లీ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. అన్ని పాటలూ మునుపట్లా వాయించలేనని దాచకుండా చెప్పినాడు. 2024 డిసెంబర్ 7న సావో పాలోలో వాయించి, టూర్లకి ఇంక రానని ప్రకటించినాడు. ఆ చోటికి సైమన్ డాసన్ వచ్చినాడు, 2025లో యాభై ఏళ్ల టూర్ మొదలైంది. దీంట్లో అబద్ధం ఎక్కడుంది? ఓపిక ఉన్నన్నాళ్లు వాయించినాడు, లేనప్పుడు చెప్పి దిగినాడు.

థ్రాష్ తమ్ముడూ, అబద్ధపు వీడ్కోలు గురించి నువ్వు రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. దాని మీద నీతో కొట్లాడను. కానీ ఆ కోపం టికెట్లు అమ్మే తీరు మీద చూపించాల, వయసు మీద కాదు. క్రిప్టోస్ మళ్లీ బెంగుళూరులో వాయిస్తే చెప్పు, చిత్తూరు బస్టాండు కాడ కలుస్తా, కలిసే పోదాం. ఇంకోసారి మెయిడెన్ మన పక్కకి వస్తే నువ్వు కూడా నాతో రావాల.

కొండమిట్ట థ్రాష్:
వస్తా అన్నా. క్రిప్టోస్‌కి అయితే టికెట్టు నేనే కొంటా, నల్ల చున్నీ అక్క వాళ్ల పాపకి కూడా. మెయిడెన్‌కి కూడా వస్తా. కానీ పోస్టరు మీద "ఆఖరిసారి" అని రాసి ఉంటే మాత్రం నన్ను పిలవొద్దు.