లిటిల్‌ఫింగర్ సాన్సాను రామ్సేకు ఎందుకు అప్పగించాడు?

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్‌కు ఆధారమైన నవలల్లో ఒకటి ‘ఎ డాన్స్ విత్ డ్రాగన్స్’. అందులో సాన్సా చెల్లెలు ఆర్యా అని నమ్మించి, క్రూరుడైన రామ్సే బోల్టన్‌కు కట్టబెట్టేది సాన్సా స్నేహితురాలు జేన్ పూల్‌ను. సాన్సా అప్పటికి కుట్రలు పన్నే ప్రభువు లిటిల్‌ఫింగర్ కూతురిగా, మారుపేరుతో వేల్ అనే ప్రాంతంలోనే తలదాచుకుని ఉంటుంది. 2015లో వచ్చిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఐదో సీజన్‌లో మాత్రం అతడే ఆమెను స్వయంగా ఆమె పుట్టింటి కోట వింటర్‌ఫెల్‌కు తీసుకువెళ్లి రామ్సేకు అప్పగిస్తాడు. అందరి గుట్టూ ముందే రాబట్టే మనిషి, మూడో ఎపిసోడ్‌లో రామ్సే గురించి తాను విన్నది తక్కువేనని అతడితోనే అనడం నాకు మింగుడుపడలేదు. నాలుగో ఎపిసోడ్‌లో, సమాధుల మధ్య, సింహాసనం కోసం పోరాడుతున్న స్టానిస్ బోల్టన్లపై గెలుస్తాడన్న లెక్క సాన్సాకు చెబుతాడు గానీ, తాను అంతగా కోరుకున్న అమ్మాయిని పణంగా పెట్టడానికి ఆ ఒక్క ఆశ చాలదు. ఆ సీజన్‌నూ, నవలల్లోని సాన్సా అధ్యాయాలనూ మళ్లీ పరిశీలించినా సమాధానం దొరకలేదు. కథను కుదించడం నిర్మాతల అవసరం. నేను వెతుకుతున్నది పాత్ర వైపు నుంచి కారణం. రామ్సే స్వభావం లిటిల్‌ఫింగర్‌కు ముందే తెలుసని గానీ, నిజంగా తెలియదని గానీ నిర్ధారించే సన్నివేశం సీరియల్‌లో ఎక్కడైనా ఉందా?