డిగ్రీ అయ్యాక లా చేరడానికి ఒక ఏడాది ఆగొచ్చా?

దిల్‌సుఖ్‌నగర్_బీకాం: బీకాం అయిపోయింది, లా ప్రవేశ పరీక్ష లాసెట్ కూడా రాశాను. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏదో ఒక ప్రైవేట్ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది గానీ ఓయూ క్యాంపస్‌కి మాత్రం ఆ ర్యాంకు చాలదు. ఏడాది ఆగి ఏదైనా పని చేసుకుంటూ మళ్లీ రాస్తానని నేను, గ్యాప్ వస్తే మళ్లీ పుస్తకం పట్టవని నాన్న. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మీరైతే ఏం చేస్తారు?

నాంపల్లి_నల్లకోటు: నాన్నగారు చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. జడ్జి పోస్టు మీద ఏ మాత్రం ఆశ ఉన్నా లెక్క వేసుకో. జూనియర్ సివిల్ జడ్జికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పేసింది. అంటే చదువు మూడేళ్లు, ఆపైన ప్రాక్టీసు మూడేళ్లు, నువ్వు ఆగే ఏడాది వీటికి అదనం. ఇక కాలేజీ పేరంటావా, మా కోర్టులో పొద్దున్నే కేసులు వరసగా పిలిచే కాల్‌వర్క్ అప్పుడు నువ్వెక్కడ చదివావని ఎవడూ అడగడు, ఫైలు చూసుకుని వచ్చావా లేదా అంతే.

సైనిక్‌పురి_అక్క: అన్నా, ఆ లెక్క జడ్జి అవ్వాలనుకునే వాళ్లకి. ఆ అబ్బాయి ఆ మాటే అనలేదు కదా! నేను డిగ్రీ తర్వాత ఆగి ఒక ఆఫీసులో అకౌంట్స్ చూశాను, జీఎస్టీ నోటీసులకి జవాబులు రాసీ రాసీ టాక్స్ లా వైపు వెళ్లాలని అక్కడే అర్థమైంది, నేరుగా చేరి ఉంటే నా క్లాసులో సగం మందిలా నేనూ ఫైనలియర్‌లో దిక్కులు చూసేదాన్ని. కాకపోతే తమ్ముడూ, లాసెట్ కోసమే ఆగుతానంటే మాత్రం నేనూ ఒప్పుకోను. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కుల్లేవు, అందులో 60 లా ఆప్టిట్యూడ్. దానికి చిక్కడపల్లి లైబ్రరీలో ఏడాదంతా కూర్చోవాలా?

దిల్‌సుఖ్‌నగర్_బీకాం: లైబ్రరీ కాదక్కా, ఎవరైనా లాయర్ దగ్గర చేరదామని. తెలిసిన సార్ ఒకాయన రమ్మన్నారు, జీతం అంటే నవ్వేశారు.

నాంపల్లి_నల్లకోటు: హహ, మా అందరికీ అలాగే నవ్వారు! అయినా ఎల్‌ఎల్‌బీ లేకుండా ఆఫీసులో నీకు దొరికేది గుమాస్తా పనే. సమన్లు, నోటీసులు పంపడానికి కట్టే ఫీజు, అదే బట్టా, కట్టి రావడం, కోర్టు కాగితాల నకళ్ల కోసం కాపీ అప్లికేషన్ వేయడం, సార్ వేరే కోర్టులో ఉంటే పరిగెత్తి పిలుచుకురావడం. ఈ పనులు చదువుకుంటూ కూడా నేర్చుకోవచ్చు, అందుకోసం ఏడాది వదులుకోవడం దేనికి?

సైనిక్‌పురి_అక్క: చదువుకుంటూనా? బార్ కౌన్సిల్ రూల్ ప్రకారం 70 శాతం అటెండెన్స్ కావాలి. కాలేజీ, కోర్టు రెండూ పగలే కదా, శని ఆదివారాల్లో కాల్‌వర్క్ ఉంటుందా అన్నా? ఆ గుమాస్తా పని చూశాకే కొందరు మాకీ కోర్టులొద్దు బాబోయ్ అనుకుంటారు, అది మూడేళ్ల ఫీజు కట్టక ముందే తెలిస్తే నష్టమేంటి?

నాంపల్లి_నల్లకోటు: సెలవులు ఎందుకున్నాయమ్మా! కౌన్సెలింగ్‌కి ఇంకా టైముంది కదా, ఈలోపు ఆ సార్ ఆఫీసుకి వెళ్లు తమ్ముడూ, నచ్చితే వచ్చిన సీట్లో చేరిపో.

దిల్‌సుఖ్‌నగర్_బీకాం: సరే అన్నా, సోమవారం నుంచి వెళ్తా. క్యాంపస్ సీటు సంగతి మాత్రం నాకింకా తెగలేదు. అక్కా, నాన్నకి ఏం చెప్పాలో మీరే చెప్పండి.