మూడు చోట్ల అమ్మకం, ఒకటే గిడ్డంగి: స్టాకు, చెల్లింపులు, పద్దులు ఒకదానితో ఒకటి సరిపోవడం లేదు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను నోటుపుస్తకాలు, పెన్నులు, బల్ల మీద వాడే చిన్న సామాను ఆన్‌లైన్‌లో అమ్ముతాను. షాపిఫైలో సొంత దుకాణం ఉంది, అమెజాన్‌లోనూ ఈబేలోనూ అదే సరుకు పెట్టాను. మొత్తం దాదాపు 400 రకాలు, రోజుకు సగటున 60 ఆర్డర్లు వస్తాయి. సరుకంతా ఒకే గదిలో ఉంటుంది. నా ఇబ్బందులు మూడు. ఒకటి, చివరగా మిగిలిన ఒక్క వస్తువు ఒకే గంటలో రెండు చోట్ల అమ్ముడుపోయి, ఎవరో ఒకరికి క్షమాపణ చెప్పుకోవలసి వస్తోంది. రెండు, బ్యాంకులో పడే సొమ్ముకు, ఆర్డర్ల మొత్తానికి ఏనాడూ పొంతన కుదరడం లేదు. మూడు, ఈ బాధ తీరుతుందని ఒక అనుసంధాన యాప్ పెట్టుకున్నాను. అది ప్రతి ఆర్డరునూ విడి ఇన్‌వాయిస్‌గా పద్దుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది. అది తెలియక నేను బ్యాంకు ఫీడులో (బ్యాంకు నుంచి పద్దుల సాఫ్ట్‌వేర్‌లోకి నేరుగా వచ్చే లావాదేవీల జాబితాలో) వచ్చిన జమలను కూడా అమ్మకాలుగానే గుర్తించాను. నాలుగు నెలల తర్వాత చూస్తే ఆదాయం దాదాపు రెట్టింపు కనిపించింది. ఇప్పుడు ఏ పనిని ముందు యంత్రానికి అప్పగించాలి, దేనిని చేతిలో ఉంచుకోవాలి, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: గిడ్డంగి పనులు చూసే సభ్యుడు

స్టాకు సంగతి మాత్రమే నేను చెప్పగలను, పద్దుల సంగతి తెలిసినవారు ఎలాగూ చెబుతారు. కొత్త యాప్ వెతికే ముందు ఒక పట్టిక తయారు చేసుకోండి. మీ 400 రకాలలో ప్రతి దానికీ మీరు పెట్టుకున్న ఎస్‌కేయూ కోడ్ (ఒక్కో రకం సరుకుకు ఇచ్చే గుర్తింపు పేరు) ఒకటే ఉండాలి, దాని పక్కనే షాపిఫైలో, అమెజాన్‌లో, ఈబేలో అదే వస్తువు ఏ కోడ్‌తో నమోదైందో రాయాలి. ఒకే నీలం పెన్ను ఒక చోట ఒక కోడ్‌తో, మరో చోట చివర ఖాళీ అక్షరం చేరిన కోడ్‌తో ఉంటే ఏ సాఫ్ట్‌వేరైనా వాటిని రెండు వేర్వేరు వస్తువులుగానే చూస్తుంది. నేను చూసిన స్టాకు గొడవల్లో ఎక్కువ భాగం ఈ పట్టిక లేకపోవడం వల్ల వచ్చినవే. వస్తువుకు బారుకోడు ఉన్నంత మాత్రాన ఈ పని తప్పదు, ఎందుకంటే ఒకే బారుకోడు ఉన్న పెన్నునే మీరు విడిగానూ, పది కలిపిన ప్యాకెట్‌గానూ అమ్ముతూ ఉండవచ్చు.

పట్టిక సిద్ధమయ్యాక, స్టాకు అంకెను నిర్ణయించే అధికారం ఒక్క చోటికే ఇవ్వాలి. లిన్‌వర్క్స్, సిన్7, వీకో, జోహో ఇన్వెంటరీ వంటి స్టాకు సాఫ్ట్‌వేర్‌లలో ఏది వాడినా, కడకు షాపిఫైనే ప్రధాన స్థానంగా పెట్టుకున్నా ఫరవాలేదు గానీ, మిగిలిన చోట్ల ఎవరూ చేత్తో అంకె మార్చకూడదు. ఒక్కో వేదికకు, అంటే షాపిఫై, అమెజాన్, ఈబేలకు, పంపవలసిన సంఖ్య గదిలో ఉన్న మొత్తం కాదు. గదిలో ఉన్నదానిలోంచి, ఆర్డరు వచ్చి ఇంకా పంపనివాటినీ, రక్షణ నిల్వగా ఆపుకున్నవాటినీ తీసివేయగా మిగిలినదే అమ్మకానికి చూపాలి. ఒక చోట అమ్మకం జరిగిన సంగతి మరో చోట కనిపించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి, వేగంగా పోయే సరుకుకు రెండో మూడో ఆపుకోవడం, నెలకొకటి పోయేదానికి ఏమీ ఆపుకోకపోవడం మంచిది. అన్నింటికీ ఒకే రక్షణ నిల్వ పెడితే గదిలో ఉన్న సరుకునే మనం దాచిపెట్టుకున్నట్లవుతుంది.

సమాచారం ఎలా ప్రయాణిస్తుందో కూడా కాస్త తెలుసుకోవాలి. ఆర్డరు వచ్చిన వెంటనే వేదిక మన సాఫ్ట్‌వేర్‌కు పంపే కబురును వెబ్‌హుక్ అంటారు. అది ఒక్కోసారి రెండుసార్లు రావచ్చు, వరుస తప్పి రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. షాపిఫై, స్ట్రైప్ తమ సాంకేతిక పత్రాల్లో ఈ హెచ్చరికలు చేస్తూనే ఉంటాయి. అందుకే వచ్చిన ప్రతి కబురుకూ ఉన్న గుర్తింపు సంఖ్యను దాచిపెట్టి, అదే సంఖ్య మళ్ళీ వస్తే పక్కన పెట్టే పద్ధతి ఉందో లేదో చూసుకోండి. వేదికలకు పంపేటప్పుడు కూడా ‘మూడు తగ్గించు’ అని చెప్పే సాధనం కన్నా ‘ఇప్పుడు 17 ఉన్నాయి’ అని చెప్పే సాధనం మేలు. మొదటి కబురు రెండుసార్లు చేరితే ఆరు తగ్గిపోతాయి, రెండవది ఎన్నిసార్లు చేరినా 17 గానే ఉంటుంది. అయితే పాత 17 ఆలస్యంగా వచ్చి కొత్త 12 మీద కూర్చోకుండా, కబురు పుట్టిన సమయాన్ని పోల్చే ఏర్పాటు ఉండాలి. వీటన్నింటి తర్వాత కూడా రాత్రికి ఒకసారి అన్ని వేదికల ఆర్డర్లనూ మొదటినుంచి తెచ్చి సరిపోల్చే పని తప్పనిసరిగా నడవాలి.

అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. రెండు నోటుపుస్తకాలు, ఒక పెన్ను కలిపి బహుమతి పెట్టెగా కూడా అమ్ముతాను. వాటి స్టాకును ఇప్పటిదాకా విడిగా రాసుకుంటున్నాను. అది తప్పా?

గిడ్డంగి సభ్యుడు

ముందే కట్టి అట్టపెట్టెల్లో సర్ది ఉంచితే తప్పు కాదు, కానీ కట్టినప్పుడు విడి సరుకులోంచి తగ్గించడం మరువకూడదు. ఆర్డరు వచ్చాక కట్టేటట్లయితే పెట్టెకు సొంత స్టాకు ఉండకూడదు. 37 నోటుపుస్తకాలు, 20 పెన్నులు ఉన్నాయనుకోండి. పుస్తకాల లెక్కన 18 పెట్టెలే అవుతాయి, పెన్నుల లెక్కన 20 అవుతాయి, కాబట్టి చూపవలసింది 18. ఒక విడి పుస్తకం అమ్ముడుపోతే 36 మిగులుతాయి, పెట్టెల సంఖ్య 18 గానే ఉంటుంది. ఇంకొకటి పోతే 17కు దిగుతుంది. మీరు తీసుకునే సాధనం ఈ లెక్కను తనంతట తాను చేస్తుందో లేదో ఉచితంగా వాడిచూసే రోజుల్లోనే పరీక్షించండి. ఇంకొక మాట: వాపసు వచ్చిన వస్తువును ఎవరో ఒకరు చూసి బాగుందని చెప్పేదాకా అమ్మకపు స్టాకులో చేర్చనివ్వవద్దు. కొనుగోలుదారుకు సొమ్ము తిరిగి ఇవ్వగానే స్టాకును పెంచే అమరిక చాలా యాప్‌లలో ఉంటుంది, దాన్ని ఆపివేయండి.

జవాబు: పద్దులు రాయడం వృత్తిగా గల సభ్యురాలు

మీ రెండవ, మూడవ ఇబ్బందులకు మూలం ఒకటే. బ్యాంకులో పడిన సొమ్మును మీరు అమ్మకం అనుకున్నారు. అది అమ్మకం కాదు, అమ్మకంలోంచి ఎన్నో కోతలు పోగా మిగిలిన శేషం. ఒక ఉదాహరణ చెబుతాను. వేదిక కొన్ని రోజుల అమ్మకాలకు లెక్క కట్టి సొమ్ము పంపడాన్ని సెటిల్‌మెంట్ అంటారు. ఒక సెటిల్‌మెంట్ కాలంలో అమ్మకాలు 1,00,000 అనుకుందాం. అందులో వాపసులు 6,000, వేదిక కమిషన్ 12,000, రవాణా ఛార్జీలు 5,000, ప్రకటనలు 3,000 పోయాయి, మరో 4,000 వేదిక తన దగ్గర రిజర్వుగా ఆపుకుంది. బ్యాంకుకు వచ్చేది 70,000. దీన్నే అమ్మకంగా రాస్తే అమ్మకం 30,000 తక్కువగా కనబడుతుంది, కమిషన్ ఎంత పోతోందో ఎన్నటికీ తెలియదు. ఇన్‌వాయిస్‌లతో లక్షా, బ్యాంకుతో డెబ్భై వేలూ రెండూ ఆదాయంగా రాస్తే మీకు జరిగినదే జరుగుతుంది.

దీనికి విరుగుడుగా ప్రతి వేదికకూ పద్దుల్లో ఒక క్లియరింగ్ ఖాతా (వేదిక నుంచి రావలసిన సొమ్మును తాత్కాలికంగా చూపే ఖాతా) తెరవండి. అమెజాన్‌కు ఒకటి, ఈబేకు ఒకటి, షాపిఫై చెల్లింపులకు ఒకటి, పేపాల్ ఉంటే దానికి మరొకటి. లక్ష అమ్మకాన్ని ఆ ఖాతాకు డెబిట్ చేసి అమ్మకాల ఖాతాకు క్రెడిట్ చేయాలి. వాపసులను, ఖర్చులను వాటి వాటి ఖాతాలకు డెబిట్ చేసి క్లియరింగ్‌కు క్రెడిట్ చేయాలి. బ్యాంకు ఫీడులో 70,000 కనిపించినప్పుడు దాన్ని అమ్మకంగా కాక, క్లియరింగ్ ఖాతా నుంచి వచ్చిన బదిలీగా గుర్తించాలి. అప్పుడు ఆ ఖాతాలో సరిగ్గా 4,000 మిగులుతుంది, అదే వేదిక ఇంకా మీకు ఇవ్వవలసిన సొమ్ము. ఆ శేషాన్ని వేదిక చూపే రిజర్వు అంకెతో పోల్చండి. రెండూ కలిస్తే మీ యంత్రం సరిగా పనిచేస్తున్నట్లు, కలవకపోతే ఎక్కడో ఒక వరుస తప్పిపోయినట్లు. ఏ యాప్ అమ్మేవారైనా చూపే రంగురంగుల పటాల కన్నా నాకు ఈ ఒక్క అంకె మీదనే నమ్మకం ఎక్కువ.

ఆర్డరుకొక ఇన్‌వాయిస్ ఎక్కించడం మీ స్థాయిలో అనవసరం. రోజుకు 60 అంటే ఏడాదికి దాదాపు 22,000 ఇన్‌వాయిస్‌లు అవుతాయి, వాటిలో ఒక తప్పును వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే. ప్రతి ఆర్డరు వివరమూ వేదికలోనూ స్టాకు సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది కాబట్టి, పద్దుల్లోకి ఒక్కో సెటిల్‌మెంట్‌కు ఒక సారాంశ ఎంట్రీ వస్తే చాలు. ఏ2ఎక్స్, లింక్ మై బుక్స్ వంటి సాధనాలు క్విక్‌బుక్స్‌కు, జీరోకు (ఈ రెండూ పద్దుల సాఫ్ట్‌వేర్‌లు) చేసిపెట్టేది ఈ పనే. అమెజాన్ సెటిల్‌మెంట్ సాధారణంగా 14 రోజులకు ఒకసారి జరుగుతుంది కాబట్టి, 25వ తేదీన మొదలై మరుసటి నెల 8న ముగిసేది తరచు తగులుతుంది. దాన్ని రెండు ఎంట్రీలుగా విడగొట్టి, మొదటి నెల అమ్మకాన్ని మొదటి నెలలోనే చూపే సాధనాన్ని ఎంచుకోండి.

పన్ను విషయంలో ఒకటే హెచ్చరిక చేస్తాను. కొన్ని ప్రాంతాల చట్టాల ప్రకారం వేదికే పన్ను వసూలు చేసి నేరుగా ప్రభుత్వానికి కడుతుంది, మరికొన్ని చోట్ల అమ్మినవారే కట్టాలి. సెటిల్‌మెంట్‌లో రెండు రకాల వరుసలూ కలిసి ఉండవచ్చు. ఏ పన్నూ ఆదాయంలోకి పోకుండా, మీరు కట్టవలసినది మాత్రం బాకీగా నిలిచేలా మ్యాపింగ్ (ఏ వరుస ఏ ఖాతాకు పోవాలో నిర్ణయించడం) చేయించి, దాన్ని మీ ప్రాంతపు చట్టం తెలిసిన అకౌంటెంటు చేత ఒకసారి చూపించుకోండి.

ఇక సరుకు ఖరీదు. కొన్న రోజునే సరుకును ఖర్చుగా రాసే అలవాటు ఉంటే మానుకోండి. అమ్ముడుపోయేదాకా అది ఆస్తి, అమ్మిన రోజున ఖర్చు. ఒక్కోటి 50 చొప్పున 100 పుస్తకాలు, తర్వాత 56 చొప్పున మరో 50 కొంటే సగటు పద్ధతిలో ఒక్కోదాని ఖరీదు 52 అవుతుంది. ముందు వచ్చింది ముందు పోయిందనుకునే పద్ధతిలో మొదటి వంద 50గానే ఖర్చవుతాయి. క్విక్‌బుక్స్ ఆన్‌లైన్ రెండో పద్ధతిని, జీరో సగటును అనుసరిస్తాయి. మీ స్టాకు సాఫ్ట్‌వేర్ ఒక పద్ధతిలో, పద్దుల సాఫ్ట్‌వేర్ మరో పద్ధతిలో ఖరీదు కడుతుంటే నిల్వ విలువ ఎప్పటికీ కలవదు. ఆ లెక్కను ఒక్క చోటే కట్టనిచ్చి, నెలాఖరున మొత్తాన్ని మాత్రం పద్దుల్లోకి తీసుకోండి. సరుకు మీ దగ్గరకు చేరడానికి అయిన రవాణా, సుంకాలు కూడా ఆ ఖరీదులో భాగమే.

జవాబు: మరొక సభ్యుడు

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే, కానీ అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టవద్దని నా మనవి. ముందు గదిలోని సరుకును చేత్తో లెక్కపెట్టండి, తప్పు అంకెతో మొదలైన అనుసంధానం ఆ తప్పును మూడు చోట్లకు క్షణాల్లో మోసుకుపోతుంది. తర్వాత తక్కువ అమ్మకం ఉన్న ఒక వేదికను మాత్రమే కలిపి, ఒక పూర్తి సెటిల్‌మెంట్ గడిచేదాకా పాత పద్ధతినీ పక్కనే నడపండి. అనుసంధానం తెగిపోయినప్పుడు మీకు ఈమెయిల్ వచ్చే ఏర్పాటు ఉండాలి. చెడిపోయిన సంగతి చెప్పకుండా మౌనంగా ఆగిపోయే యాప్ కన్నా యాప్ లేకపోవడమే నయం. అలాగే స్టాకు మార్చడానికి మాత్రమే అవసరమైన యాప్‌కు సొమ్ము తిరిగి ఇచ్చే అనుమతి ఇవ్వకండి. సరఫరాదారులకు చెల్లింపులను మాత్రం, బిల్లు తయారీ వరకే యంత్రానికి వదిలి, ఆమోదం మీ చేతిలోనే ఉంచుకోండి.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పట్టిక పని మొదలుపెట్టాను, 400 రకాలలో 31కి కోడ్‌లు కలవడం లేదని ఇప్పటికే తేలింది. రెండుసార్లు నమోదైన ఆ నాలుగు నెలల ఎంట్రీలను తుడిచివేయవచ్చా?

పద్దుల సభ్యురాలు

తుడవకండి. ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతిని ముందు రద్దు చేయండి, లేకపోతే మీరు సరిదిద్దుతుంటే అది మళ్ళీ ఎక్కిస్తూ ఉంటుంది. ఇన్‌వాయిస్‌లను అలాగే ఉంచి, బ్యాంకు ఫీడులో అమ్మకాలుగా గుర్తించిన జమలను మాత్రం ఒక్కొక్కటిగా ఆయా క్లియరింగ్ ఖాతాలకు మార్చండి. ఆ ఇన్‌వాయిస్‌లు ఇప్పటికే వేరే ఖాతాకు చెల్లింపు అయినట్లు చూపుతుంటే ఆ ఖాతాను కూడా సరిచూడాలి. తర్వాత ఆ నాలుగు నెలల సెటిల్‌మెంట్ నివేదికలను దింపుకుని కమిషన్లను, వాపసులను నెలవారీగా నమోదు చేస్తే శేషం రిజర్వుకు దగ్గరపడుతుంది. ఆ నెలల్లో దేనికైనా పన్ను రిటర్ను ఇప్పటికే సమర్పించి ఉంటే, పాత తేదీలలో దేనినీ మార్చక ముందే మీ అకౌంటెంటుతో మాట్లాడండి. ఆ సవరణను ఏ తేదీన చూపాలో వారే చెప్పాలి.