మొదటి సంఘం మాదే అని ఒక్క సభ చెప్పుకోవచ్చా?

గుంటూరు లూథరన్ (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ వందనాలు. మా ఇంట్లో ఒక పెళ్లి ఈ ప్రశ్న దగ్గరే ఆగింది. అబ్బాయి వాళ్ల సంఘ పెద్దలు "మీ అమ్మాయికి పసితనంలో నీళ్లు చిలకరించారు, అది బాప్తిస్మం కాదు. మొదటి సంఘం పద్ధతిలో మళ్లీ ముంచాలి" అన్నారు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చిన కాలం నుంచి ఉన్న సంఘం మాది. ఇన్ని తరాల వాళ్లం బాప్తిస్మం లేకుండానే బతికి చనిపోయామా అని నాన్నగారు చాలా బాధపడ్డారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అపొస్తలుల నుంచి వచ్చామని చాలా సభలు నిజాయితీగా చెప్పుకోవచ్చు. 'మేము మాత్రమే' అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. మొట్టమొదటి సంఘం యెరూషలేములో ఉండేది, ప్రభువు సహోదరుడైన యాకోబు దానికి పెద్ద. వాళ్లంతా యూదులు, ప్రార్థనకి దేవాలయానికి వెళ్లేవాళ్లు. యాకోబుతో మొదలుపెట్టి 15 మంది యూదు అధ్యక్షుల పేర్లు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ 4వ శతాబ్దంలో రాసిపెట్టాడు. 135లో హేడ్రియన్ చక్రవర్తి తిరుగుబాటు అణిచి యూదుల్ని ఆ ఊరి నుంచి వెళ్లగొట్టాక, అక్కడి సంఘానికి యూదుడు కాని మార్కు అనే ఆయన అధ్యక్షుడయ్యాడు. మొదటి సంఘం మొదట ఉన్న రూపంలో అక్కడితో ఆగిపోయింది. ఈరోజు రోమాలో గానీ మాస్కోలో గానీ గుంటూరులో గానీ జరిగే ఆరాధన ఏదీ యాకోబు చూసిన ఆరాధన కాదు. మరి 'మొదటి సంఘం పద్ధతి' అని ఎవరైనా ఏ ధైర్యంతో అంటారు?

శ్రీసభ బిడ్డ, విజయవాడ:

మీ నాన్నగారి బాధ అర్థమైంది సార్. కానీ మీ వాదన ఒప్పుకోను. రూపం మారిందంటే సంఘం మారిపోయిందని కాదు. ప్రభువు పేతురుతో "ఈ బండమీద నా సంఘమును కట్టుదును" అన్నాడు (మత్తయి 16:18). యెరూషలేము కూలినా ఆ మాట కూలదు. పేతురు, పౌలు ఇద్దరూ రక్తం చిందించింది రోమాలో. 96 ప్రాంతంలో కొరింథు సంఘంలో తగాదా వస్తే దాన్ని సర్దడానికి ఉత్తరం వెళ్లింది రోమా నుంచే. దాన్నే క్లెమెంట్ లేఖ అంటాం. 180 ప్రాంతంలో ఇరేనియస్ అనే బిషప్ తప్పుడు బోధకులకి జవాబిస్తూ లీనస్, అనాక్లేతు, క్లెమెంట్ అని తన కాలం దాకా రోమా అధ్యక్షుల్ని వరసగా చెప్పాడు. ఇది వెయ్యేళ్ల తర్వాత అల్లిన కథ కాదు.

ఇంకో మాట. మేము 'మాలో తప్ప క్రీస్తు ఎక్కడా లేడు' అనడం లేదు. 1964లో రెండో వాటికన్ మహాసభ క్రీస్తు సంఘం కతోలిక శ్రీసభలో నిలిచి ఉందని చెబుతూనే, దాని హద్దుల బయట కూడా పవిత్రత, సత్యం ఉన్నాయని రాసింది. పసితనంలో తండ్రి, కుమార, పవిత్రాత్మ పేరున నీళ్లతో ఇచ్చిన మీ అమ్మాయి జ్ఞానస్నానాన్ని మేము గుర్తిస్తాం. మళ్లీ ఇవ్వం.

తెనాలి సహోదరుడు:

నేను 'క్రీస్తు సంఘం' అనే శాఖలో ఉన్నాను. లూథరన్ అన్నగారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు గానీ మీరిద్దరూ మనుషుల వరసలు లెక్కపెడుతున్నారు. వాక్యం ఉండగా వరస ఎందుకు? అపొస్తలుల కార్యములు తెరవండి. విన్నారు, నమ్మారు, మారుమనస్సు పొందారు, బాప్తిస్మం తీసుకున్నారు. ఐతియొపీయుడైన నపుంసకుడు నీళ్లలోకి దిగాడు (8:38). పోపు లేడు, లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్ లేదు. ఆ పద్ధతి ఈరోజు పాటిస్తే ఈరోజే అది మొదటి సంఘం. అపొస్తలుల బోధలో నిలబడటమే వారసత్వం. 1054లో విడిపోయిన రోమా, కాన్‌స్టాంటినోపుల్ రెండింటికీ వరసలు ఉన్నాయిగా, మరి ఆ వరస వాళ్లని ఎందుకు కలిపి ఉంచలేదు?

కొట్టాయం కోడలు:

నేను పుట్టింది మెదక్ దగ్గర సీఎస్‌ఐ ఇంట్లో. మెట్టింది కేరళలో ఆర్థడాక్స్ కుటుంబంలో. 'వరస మాదంటే మాది' అనే గొడవ ఊరి మధ్యకి వస్తే ఎలా ఉంటుందో చూస్తున్నదాన్ని కాబట్టి రాస్తున్నా.

క్రీ.శ. 52లో తోమా వచ్చాడన్నది ఇక్కడి సంప్రదాయం. తర్వాత చాలా శతాబ్దాలు ఇక్కడి క్రైస్తవులకి బిషప్పులు పర్షియాలోని తూర్పు సభ నుంచి వచ్చారు. ఆ సభకీ రోమా సామ్రాజ్యంలోని సభలకీ 431 ఎఫెసు మహాసభ దగ్గరే తేడా వచ్చింది. 1599లో గోవా ఆర్చిబిషప్ మెనెజెస్ ఉదయంపేరూరు సభ పెట్టి వీళ్లందర్నీ రోమా కిందకి తెచ్చాడు, సిరియక్ పుస్తకాలు కాల్పించాడు. 1653లో మట్టాంచేరిలో సిలువ దగ్గర జనం ఎదురు తిరిగి ఒట్టు పెట్టుకున్నారు. కొంతమంది మళ్లీ రోమాతో కలిశారు. మిగిలినవాళ్ల దగ్గరికి 1665లో అంతియొకయ సిరియక్ సభ బిషప్ వచ్చాడు. ఈరోజు సీరో మలబార్, ఆర్థడాక్స్, యాకోబైట్, మార్తోమా, సీరో మలంకర, త్రిస్సూర్‌లోని కల్దియన్ సభ... అందరికీ తోమాయే తండ్రి. వీళ్లలో ఎవరు అబద్ధం చెబుతున్నారని అనగలం?

ఆర్థడాక్స్, యాకోబైట్ వాళ్ల పూజ ఒకటే, విశ్వాసం ఒకటే. తేడా అంతా అధికారం దగ్గరే: అంతియొకయ పాత్రియార్కుదా, 1912లో ఇక్కడ ఏర్పడిన కథోలికోస్ అనే సభాధిపతిదా? 2017 జులై 3న సుప్రీంకోర్టు, పారిష్‌లు (ఊళ్లలోని సంఘాలు) సభ సొంత 1934 రాజ్యాంగం ప్రకారం నడవాలని తీర్పిచ్చింది. ఆ తర్వాత గేట్ల దగ్గర పోలీసులు. శ్మశానం ఎవరిదన్న తగాదాలో శవాలు కూడా ఆగిపోతే, పూడ్చే హక్కు కోసం 2020లో రాష్ట్రం చట్టం చేయాల్సి వచ్చింది. ముసలివాళ్లు "నేను పోతే మా ఆయన పక్కన పెడతారా?" అని టెన్షన్ పడటం విన్నాను. ఆ ఆవిడకి ఏ చరిత్ర చెప్పాలి?

అంతియొకయ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. శిష్యుల్ని మొదటిసారి క్రైస్తవులన్న ఊరు అది. 'అంతియొకయ పాత్రియార్కు' అనే బిరుదు ఈరోజు ఐదుగురికి ఉంది: గ్రీకు ఆర్థడాక్స్, సిరియక్ ఆర్థడాక్స్, మెల్కైట్, మారొనైట్, సిరియక్ కతోలిక. ఒక్కరు కూడా ఆ ఊళ్లో ఉండరు.

గుంటూరు లూథరన్:

అక్కా, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను.

తెనాలి తమ్ముడూ, వాక్యం చాలు అంటున్నావు, సరే. కానీ మన చేతిలో ఉన్న కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టీ అచ్చంగా అదే రూపంలో మొదట కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ పండుగ లేఖలో. సంఘం అప్పటికే పాడైపోయిందని మీ సంఘం వాళ్లు అనే కాలం అది. ఆ సంఘం ఏరి ఇచ్చిన పుస్తకాన్నే పట్టుకుని ఆ సంఘాన్ని లేనేలేదంటే ఎలా? ముంచడం గురించి కూడా చెప్తాను. దిదాఖే అనే చిన్న పుస్తకం అపొస్తలుల తరానికి బాగా దగ్గరిది. పారే నీళ్లలో ఇవ్వండి, లేకపోతే వేరే నీళ్లలో, అవీ లేకపోతే తలమీద మూడుసార్లు పోయండి అని రాసి ఉంది అందులో. ముంచడమే ఇష్టమైతే ముంచుకోండి. పోసినదాన్ని బాప్తిస్మమే కాదనొద్దు.

విజయవాడ సార్‌కి ఒక ప్రశ్న. 250ల్లో సరిగ్గా ఈ గొడవే వచ్చింది. విడిపోయిన గుంపుల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తిరిగి వస్తే మళ్లీ ఇవ్వాలా? వద్దన్నాడు రోమా బిషప్ స్తెఫాను, పేతురు పీఠం పేరు చెప్పి. ఇవ్వాల్సిందే అన్నాడు కార్తేజ్ బిషప్ సిప్రియన్. 256 సెప్టెంబరు 1న 87 మంది ఆఫ్రికా బిషప్పులు కూడి సిప్రియన్ వైపే నిలబడ్డారు. రోమా మాటే చివరి మాట అన్నది అప్పటికి అందరికీ తెలిసిన సంగతైతే వాళ్లు అలా చేసేవాళ్లా? ఆ సిప్రియన్ పేరు మీ బలిపూజ ప్రార్థనలోనే పరిశుద్ధుడిగా ఉంది కదా. స్తెఫానుతో సహవాసం తెగేదాకా వెళ్లినవాడు పరిశుద్ధుడైతే, రోమాతో ఒప్పుకోనివాళ్లు మొదటి సంఘానికి బయటివాళ్లని ఎలా అంటాం?

శ్రీసభ బిడ్డ, విజయవాడ:

మంచి ప్రశ్న. కానీ చివరికి ఎవరి మాట నిలిచిందో చూడండి. 314లో ఆర్ల్ అనే ఊళ్లో కూడిన బిషప్పుల సభ స్తెఫాను వైపే తేల్చింది. మీ అమ్మాయికి మళ్లీ అక్కర్లేదని మీరు ఈరోజు వాదించగలుగుతున్నారంటే ఆ రోజు రోమా పట్టుదల వల్లే. 87 మంది బిషప్పులు పొరబడ్డచోట ఒక్క పీఠం నిలబడింది. పేతురుకిచ్చిన మాట నెరవేరడమని నేను దీన్నే అంటాను.

మీరు తర్వాత అడగబోయేది కూడా ఊహించగలను. 1378 నుంచి 1417 దాకా ఒకేసారి ఇద్దరు, చివర్లో ముగ్గురు పోపులు. సియెన్నా కేథరిన్ రోమాలోని పోపు వైపు, విన్సెంట్ ఫెరర్ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ పోపు వైపు. ఇద్దరూ పునీతులే. అప్పుడు తగాదా పీఠం మీద కూర్చున్నది ఎవరన్న దాని మీద, పీఠం ఉందా లేదా అన్న దాని మీద కాదు. కాన్‌స్టన్స్ సభ ఐదో మార్టిన్‌ను ఎన్నుకున్నాక ఆ చీలిక ముగిసింది.

తెనాలి సహోదరుడు:

అన్నగారూ, కంసాలి గీటురాయి మీద గీసి చూస్తాడు, బంగారాన్ని తనే చేయడు. అతనాసియస్ చేసింది అంతే. దిదాఖే మాట మాత్రం నాకు కొత్త, మా పెద్దల్ని అడుగుతాను. ముంచడం మీద నా అభిప్రాయం మారలేదు.

గుంటూరు లూథరన్:

విజయవాడ సార్, స్తెఫాను తీర్పు సరైందని నేనూ నమ్ముతాను. తీర్పు సరైంది కావడం ఒకటి, తీర్పిచ్చే అధికారం ఆ ఒక్క పీఠానిదే కావడం ఇంకొకటి. సిప్రియన్ ఒప్పుకోనిది ఈ రెండోదాన్ని కూడా. అక్కడ నేను ఆయన వైపే.

ఆదివారం అబ్బాయి వాళ్ల పెద్దల్ని కలుస్తున్నాం. మా గుడి రిజిస్టర్‌లో అమ్మాయి బాప్తిస్మం తేదీ, పాస్టర్ గారి సంతకం ఉన్న పేజీ జిరాక్స్ తీయించాను. "మమ్మల్ని కూడా క్రైస్తవులుగా చూస్తున్నారా లేదా?" అని నాన్నగారు వాళ్లని సూటిగా అడుగుతానంటున్నారు. వాళ్లు అవునంటే మళ్లీ ముంచాల్సిన పని లేదు. కాదంటే ఈ సంబంధం మాకొద్దని అమ్మాయే చెప్పింది.