వీడియో కాల్ థెరపీ రికార్డ్ చేస్తే పిల్లల గొంతు రావట్లేదు, ఏం చేయాలి?

నమస్తే అండీ. నల్లగొండలో పిల్లలకు స్పీచ్ థెరపీ చేస్తాను. దేవరకొండ వైపు నుంచి ప్రతిసారీ రాలేని వాళ్లకు వీడియో కాల్‌లోనే చెప్తున్నా, అమ్మ ఇంట్లో మళ్లీ చూసి చేయించాలని స్క్రీన్ రికార్డ్ చేసి పంపుతున్నా, కానీ ఫోన్‌లో చేస్తే పెదాలు కదలడం కనిపిస్తుంది తప్ప బాబు ‘ప’ అన్నాడో ‘బ’ అన్నాడో వినపడదు, పెదాలు చూసి చెప్పలేం కదా, రెండూ ఒకేలా ఉంటాయి! ఆండ్రాయిడ్ 10 నుంచి లోపలి ఆడియో రికార్డవుతుంది గానీ పాటలు, గేమ్‌ల వరకే, కాల్ గొంతు రాదు. ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ అనే స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఇద్దరి గొంతులూ వస్తున్నాయి, ఫైలే మరీ పెద్దది, వాళ్ల డేటా అయిపోతుంది. మాట స్పష్టత తగ్గకుండా సైజు తగ్గించే సెట్టింగ్‌లు ఎవరికైనా తెలుసా? ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే టీచర్లు ఏం వాడుతున్నారు? పిల్లల వీడియోలు కాబట్టి యూట్యూబ్‌లో మాత్రం పెట్టను.